పోలోకి కాయిలోవర్లు, 16 అంగుళాల వీల్స్, ముందు 5 మి.మీ. స్పేసర్: నా అనుభవం

నాది 2015 పోలో జీటీ టీఎస్ఐ, హైదరాబాద్ బండి. కొన్నప్పుడు 15 అంగుళాల అల్లాయ్స్ మీద 185/60 ఆర్15 టైర్లు (185 మి.మీ. వెడల్పు, అందులో 60 శాతం టైర్ గోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్) ఉండేవి. ఇప్పుడు కింద కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ సెట్లు), 16×7 వీల్స్ (16 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు), 205/50 ఆర్16 టైర్లు, ముందు రెండు వైపులా 5 మి.మీ. స్పేసర్లు (వీల్‌ని బయటికి జరపడానికి దాని వెనక పెట్టే లోహపు బిళ్లలు) ఉన్నాయి. ఎక్కడా రుద్దడం లేదు, ఔటర్ మీద 120లో పోతున్నా స్టీరింగ్ వణకడం లేదు. ఏ పని తర్వాత ఏ పని చేశానో వివరంగా రాస్తున్నా, ఎందుకంటే మన దగ్గర చాలామంది ముందు ఫొటో చూసి వీల్స్ కొనేస్తున్నారు, తర్వాత బండి కిందికి దించుతున్నారు, లోపల టైర్ స్ట్రట్‌కి (చక్రం లోపలి వైపు స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్తంభం) తగిలితే స్పేసర్ వేస్తున్నారు, స్పేసర్ వేశాక బయట ఫెండర్‌కి తగిలితే ఆ ఫెండర్ అంచు మడతపెట్టిస్తున్నారు, ఇలా ఒకదాని వెనక ఒకటి ఖర్చు పెరుగుతూ పోతుంది. నేను చెప్పేది ఏంటంటే ముందు ఎత్తు ఖాయం చేసుకోండి, అప్పుడు కొలవండి, ఆ కొలత చేతిలో పెట్టుకుని వీల్స్ కొనండి. స్పేసర్ అన్నిటికంటే చివర, అదీ కొలత అడిగితేనే.

ఎత్తు ముందు ఎందుకంటే, పోలోలో ముందు చక్రాలకి మాక్‌ఫర్సన్ స్ట్రట్. చక్రం, హబ్ (వీల్ బిగించే భాగం), నకిల్ (హబ్‌ని పట్టుకుని స్టీరింగ్‌తో తిరిగే ముక్క), స్ట్రట్ కింది భాగం ఇవన్నీ ఒకటిగా కదులుతాయి. గుంతలో పడినా, స్టీరింగ్ మొత్తం తిప్పినా టైర్ లోపలి గోడకీ స్ట్రట్‌కీ మధ్య గ్యాప్ దాదాపు అలాగే ఉంటుంది. అంటే లోపలి గ్యాప్‌ని బండి నిలబెట్టి ఒకసారి జాగ్రత్తగా కొలిస్తే సరిపోతుంది. కానీ కాయిలోవర్‌లో ఎత్తు తగ్గించామంటే స్ప్రింగ్ కూర్చునే పెర్చ్, దాని కింద లాక్ కాలర్ (పెర్చ్‌ని కదలకుండా పట్టే రింగ్) రెండూ నకిల్ వైపు కిందికి వస్తాయి. కంపెనీ స్ట్రట్‌లో టైర్ పైన ఎక్కడో ఉండే ఆ ప్లేట్ ఇప్పుడు టైర్ భుజం పక్కకి వచ్చి నిలబడుతుంది. పెర్చ్ తిప్పి దించే రకమైనా, నాది లాగా కింద బ్రాకెట్‌లోకి స్ట్రట్‌ని తిప్పి దించే రకమైనా ఈ విషయంలో తేడా లేదు. బ్రాకెట్ రకంలో డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) ట్రావెల్, అంటే అది కదిలే దూరం పోదు, స్ప్రింగ్ ప్రీలోడ్ (ముందే నొక్కి ఉంచిన బలం) మారదు, అది మంచిదే, కానీ పెర్చ్ మాత్రం టైర్ దగ్గరికే వస్తుంది. అందుకని స్టాక్ ఎత్తులో కొలిచిన గ్యాప్ దించిన తర్వాత పనికిరాదు.

బయటి వైపు కథ పూర్తిగా వేరు. ఫెండర్ బాడీకి ఉంటుంది, చక్రం కదులుతుంది, కాబట్టి అక్కడ నిలబెట్టి కొలిచిన గ్యాప్‌ని నమ్మడానికి లేదు, సస్పెన్షన్ మొత్తం నొక్కి, స్టీరింగ్ తిప్పి చూడాల్సిందే. ఈ తేడా బుర్రలో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

సస్పెన్షన్ వేసే రోజు ఎక్కువ టైం ముందు స్ట్రట్ తీయడానికే పట్టింది. పోలోలో స్ట్రట్ నకిల్‌లోని క్లాంప్ లోపలికి దిగి ఉంటుంది, ఒక పించ్ బోల్ట్ పట్టుకుని ఉంటుంది, ఆ క్లాంప్ చీలికని స్ప్రెడర్ టూల్ పెట్టి కొంచెం తెరిస్తేనే స్ట్రట్ వస్తుంది. టూల్ లేకుండా సుత్తితో కొట్టి దించే చోటికి బండి ఇవ్వకండి, ముందే అడిగి కనుక్కోండి. వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే దూలం), స్ప్రింగ్ వేరు, డ్యాంపర్ వేరు, కాబట్టి దాన్ని కాయిలోవర్ అని పిలుస్తున్నాం కానీ నిజానికి స్ప్రింగ్ దగ్గర తిప్పే అడ్జస్టర్ ఒకటి, మామూలుగా డ్యాంపర్ ఒకటి, అంతే. పని కూడా తేలిక.

ఇంకో విషయం చాలా గ్యారేజీల్లో వదిలేస్తారు. లోయర్ ఆర్మ్ బుష్ (కీలు దగ్గరి రబ్బర్) బోల్టులు, వెనక బీమ్ బుష్ బోల్టులు వదులు చేసి ఉంటే వాటిని బండి గాల్లో ఉండగా టైట్ చెయ్యకూడదు. చక్రాల మీద బరువు పడి, కొత్త ఎత్తులో బండి నిలబడ్డాక టైట్ చెయ్యాలి. లేకపోతే ఆ రబ్బర్ ఎప్పుడూ మెలితిరిగి ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది, ఎత్తు కూడా సరిగ్గా కూర్చోదు. మా మెకానిక్ అన్నకి చెప్తే "అవును తమ్ముడూ, ర్యాంప్ మీదికి ఎక్కించి చేద్దాం" అని వెంటనే ఒప్పుకున్నాడు, అలాగే చేశాడు.

ఎత్తు కొలవడానికి నేల నుంచి ఫెండర్ దాకా టేప్ పెట్టలేదు, ఎందుకంటే టైర్ మారితే ఆ కొలత మారిపోతుంది. హబ్ మధ్య నుంచి నిలువుగా ఫెండర్ అంచు దాకా పెట్టా, నాలుగు చోట్లా రాసుకున్నా. స్టాక్ కంటే 30 మి.మీ. కిందికి పెట్టించా, అంతకంటే తగ్గించే ఉద్దేశం మొదటి నుంచీ లేదు. ఇండియా పోలోకి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్‌లోంచి 30 మి.మీ. పోతే మిగిలేదానితో మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్, వానాకాలం గుంతలు అన్నీ దాటాలి. బంప్ స్టాపులు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బర్ ముక్కలు) కోయించలేదు, అవి ఉండాల్సిందే. పాత వీల్స్ మీదే కొన్నాళ్లు రోజూ తిప్పి, స్ప్రింగులు కూర్చున్నాక మళ్లీ కొలిస్తే ముందు ఎడమ వైపు కొంచెం దిగింది, సరిచేయించి లాక్ కాలర్లు బిగించాం. ఇక అప్పుడే వీల్స్ గురించి ఆలోచించడం మొదలుపెట్టా.

ఇప్పుడు లెక్కలు. ఇవి కష్టం కాదు, దయచేసి స్కిప్ చెయ్యకండి.

నా పాత వీల్ వెనక అచ్చు 6జే×15, ఈటీ40. కొత్తది 16×7, ఈటీ40. బండి హబ్‌కి పీసీడీ 5×100 (అయిదు బోల్టులు, 100 మి.మీ. వలయం మీద), సెంటర్ బోర్ (వీల్ మధ్య రంధ్రం) 57.1 కావాలి. (వెంటో, ర్యాపిడ్, ఇప్పటి వర్టస్, స్లావియా అన్నీ ఇదే 5×100, కాబట్టి మన దగ్గర ఈ పీసీడీలో వెతికితే దొరుకుతాయి.) ఈటీ అంటే వీల్ సరిగ్గా మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరం. 6 అంగుళాలంటే 152.4 మి.మీ., సగం 76.2, దానికి 40 కలిపితే రిమ్ లోపలి అంచు హబ్ ముఖం నుంచి 116.2 మి.మీ. లోపలికి ఉంటుంది. 7 అంగుళాలంటే 177.8, సగం 88.9, 40 కలిపితే 128.9. అంటే స్ట్రట్ వైపు 12.7 మి.మీ. దగ్గరికి వెళ్తుంది. బయటికి కూడా అంతే 12.7, ఎందుకంటే ఈటీ మారలేదు.

కానీ స్ట్రట్‌కి తగిలేది రిమ్ కాదు, టైర్ పొట్ట. 205 అని రాసి ఉంటే వెడల్పు 205 అనుకుంటారు, అది కరెక్ట్ కాదు. 205/50 ఆర్16 టైర్‌కి స్టాండర్డ్ ప్రకారం 6.5 అంగుళాల రిమ్ మీద వెడల్పు 214 మి.మీ., రిమ్ అర అంగుళం పెరిగితే ఇంకో 5 మి.మీ. పెరుగుతుంది, అంటే 7 మీద దాదాపు 219. పాత 185/60 టైర్ 6 అంగుళాల రిమ్ మీద దాదాపు 194. సగం సగం తీసుకుంటే ఒక్కో వైపు 12.5 మి.మీ. తేడా. కంపెనీని బట్టి, ట్రెడ్‌ని బట్టి ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ అవుతుంది, అందుకే చివర్లో అసలు టైర్ పెట్టి మళ్లీ కొలవాలి.

ఇప్పుడు బండి దగ్గరికి వెళ్లి, ఖాయం చేసిన ఎత్తులో, పాత టైర్ లోపలి గోడకీ కాయిలోవర్ లాక్ కాలర్‌కీ మధ్య అన్నిటికంటే ఇరుకైన చోట కొలిచా. వేలు పట్టని చోట టేప్ పెట్టడం కుదరదు, డ్రిల్ బిట్లు సైజుల వారీగా దూర్చి చూశా. 16 మి.మీ. వచ్చింది. 16 లోంచి 12.5 తీస్తే 3.5. అది చాలదు. మూలమలుపులో టైర్ గోడ ఒరుగుతుంది, బురద, చిన్న రాయి ఇరుక్కుంటుంది, పైగా కొత్త టైర్ ఎత్తు కూడా కొంచెం ఎక్కువ. నేను 6 మి.మీ. కంటే తక్కువ ఉంటే ఒప్పుకోకూడదని పెట్టుకున్నా. 5 మి.మీ. స్పేసర్ పెడితే 8.5 అవుతుంది, బయటికి మొత్తం 17.5 మి.మీ. వస్తుంది. సరిగ్గా అందుకే 5. మూడు పెడితే 6.5 మాత్రమే, టైర్ ఒకటి రెండు మి.మీ. తేడా వస్తే చాలదు, పది అక్కర్లేదు.

ఈటీ35 వీల్ నేరుగా కొనొచ్చు కదా అని అడుగుతారు. దొరికితే అదే బెస్ట్, నాకు కావాల్సిన డిజైన్‌లో 5×100కి ఈటీ40 మాత్రమే ఉంది. షాపులో ఈటీ25 ఒకటి చూపించి "ఇది పెడితే స్పేసర్ గొడవే ఉండదు, బయటికి సూపర్ లుక్ వస్తుంది" అన్నారు. లోపల తగలదు నిజమే, కానీ చక్రం మధ్య గీత స్టాక్ కంటే 15 మి.మీ. బయటికి పోతుంది, బేరింగ్ మీద లోడ్ పెరుగుతుంది, స్క్రబ్ రేడియస్ (స్టీరింగ్ తిరిగే అక్షం నేలని తాకే చోటుకీ టైర్ మధ్యకీ ఉన్న దూరం) మారి రోడ్డు మీద గాడులు ఎటుంటే అటు స్టీరింగ్ లాగుతుంది, ముందు చక్రాల డ్రైవ్ బండిలో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కూడా ఆ లాగుడు తెలుస్తుంది. నాది స్పేసర్‌తో కలిపి ఈటీ35, అంటే స్టాక్ నుంచి 5 మి.మీ. మాత్రమే కదిలింది.

టైర్ సైజ్ సంగతి. 185/60 ఆర్15 మొత్తం వ్యాసం 603 మి.మీ. 195/55 ఆర్16 అయితే 621, ఇది ఏ షాపులో అడిగినా దొరుకుతుంది, కానీ 3 శాతం పెద్దది, దించిన బండిలో ఫెండర్ వైపు 9 మి.మీ. తినేస్తుంది. 205/50 ఆర్16 అయితే 611, ఒకటిన్నర శాతం లోపే. మీటర్ 100 అన్నప్పుడు స్టాక్‌తో పోలిస్తే 101 చిల్లర పోతుంది, అంతే. ఇది వెంటనే దొరకలేదు, ఆర్డర్ పెట్టించా. లోడ్ ఇండెక్స్ పాతది 84, అంటే ఒక్కో టైర్‌కి 500 కిలోలు. కొత్తది 87, అంటే 545 కిలోలు. సైజ్ మార్చినప్పుడు ఈ నంబర్ పాతదాని కంటే తగ్గకూడదు, ఇది తప్పకుండా చూడండి.

ఇక స్పేసర్, బోల్టులు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా.

స్పేసర్ హబ్‌సెంట్రిక్ అయి ఉండాలి, అంటే దాని మధ్య రంధ్రం 57.1, హబ్ లిప్ (హబ్ మధ్యలో బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు) మీద గట్టిగా కూర్చోవాలి. 5 మి.మీ. లాంటి పల్చటి స్పేసర్‌కి సొంత లిప్ ఉండదు, హబ్ లిప్‌లో 5 మి.మీ. అది తీసుకుంటే మిగిలిన దాని మీదే వీల్ కూర్చోవాలి. నా కొత్త వీల్స్ బోర్ 73.1, అందులో 57.1కి అల్యూమినియం రింగ్ వేయించా, ప్లాస్టిక్ రింగ్ వద్దన్నా. స్పేసర్ పెట్టి, వీల్ పెట్టి, బోల్టులు లేకుండానే చేత్తో కదిపి చూశా, రింగ్ లిప్‌ని పట్టుకుందా లేదా అని. పట్టుకుంది. పట్టకపోతే బోల్టులే వీల్‌ని మధ్యలో నిలబెట్టాలి, అప్పుడే 90 దాటాక వణుకు వస్తుంది. జనం అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అని తిరుగుతూనే ఉంటారు, కారణం మాత్రం ఇది.

ఫోక్స్‌వ్యాగన్ బోల్ట్ ఎం14×1.5, కంపెనీ వీల్‌కి తల కింద గుండ్రంగా, బాల్ సీట్ ఉంటుంది. బయట కొనే వీల్స్‌కి ఎక్కువగా 60 డిగ్రీల కోన్ సీట్. ఒకదాని బోల్ట్ ఇంకోదానికి వేస్తే చూడ్డానికి టైట్ అయినట్టే ఉంటుంది, లోపల ఆనేది సన్నటి గీత మీద, కొన్నాళ్లకి వదులవుతుంది. అందుకని కొత్త కోన్ బోల్టులు కొన్నా. పొడవు ఎంత కావాలో ఇలా చూశా: పాత వీల్‌లో పాత బోల్ట్ పెట్టి, వీల్ వెనక హబ్‌కి ఆనే ముఖం నుంచి ఎంత బయటికి వచ్చిందో వెర్నియర్‌తో కొలిచా. కొత్త వీల్‌లో కొత్త బోల్ట్ వెనక చక్రాలకి అంతే బయటికి రావాలి, ముందు చక్రాలకి ఇంకో 5 మి.మీ. కలిపి రావాలి. తర్వాత చేత్తో తిప్పి ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కపెట్టా. 14 మి.మీ. బోల్ట్‌కి కనీసం 14 మి.మీ. మర పట్టాలి అనే లెక్కన తొమ్మిది చుట్లు దాటాలి, దాటాయి.

పొడవు ఎక్కువైనా ప్రాబ్లమే. వెనక నాకు స్పేసర్ లేదు, డ్రమ్ బ్రేకులు, ముందు బోల్టులు పొరపాటున వెనక వేస్తే హబ్ దాటి డ్రమ్ లోపల భాగాలకి తగలొచ్చు. అందుకే వెనకవి వేరే పొడవు, ముందు పదింటి తలల మీద ఎర్ర పెయింట్ చుక్క పెట్టా, ఏ పంక్చర్ షాపులో తీసినా కలవకుండా. బిగించాక ప్రతి చక్రం చేత్తో పూర్తిగా తిప్పి చూసి, శబ్దం లేదని ఖాయం చేసుకున్నాకే బండి కిందికి దించాం.

వెనక కూడా 15 మి.మీ. స్పేసర్ వేస్తే చక్రం ఫెండర్‌తో సమానంగా వస్తుందని ఫ్రెండ్స్ చాలా చెప్పారు. వెనక లోపల గ్యాప్ బోలెడంత ఉంది, కొలత స్పేసర్ అడగలేదు, నేను వెయ్యలేదు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండా సామాన్లుంటే ఆ 15 మి.మీ. ఫెండర్ అంచుని కోసుకుంటూ పోతుంది.

బిగించే రోజు హబ్ ముఖం, డ్రమ్ ముఖం వైర్ బ్రష్‌తో తుప్పు పోయేదాకా గీయించా. స్పేసర్ కింద చిన్న తుప్పు పొర ఉన్నా అది చక్రం అంచు దగ్గరికి వచ్చేసరికి పెద్ద తేడా అవుతుంది. లిప్ మీద గ్రీజ్ పల్చగా రాశాం, మరల మీద, సీట్ మీద అస్సలు రాయలేదు. బోల్టులు ఇంపాక్ట్ గన్‌తో బిగించొద్దని ముందే చెప్పా. చేత్తో పట్టించి, నక్షత్రం ఆకారంలో ఒకటి వదిలి ఒకటి బిగించి, చివర టార్క్ రెంచ్‌తో 120 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). ఆ తర్వాత 100 కి.మీ. లోపు మళ్లీ రెంచ్ పెట్టి చూస్తే రెండు బోల్టులు కొంచెం తిరిగాయి, కొత్త వీల్ సీట్ కూర్చునేటప్పుడు అలా అవుతుంది, ఈ రీచెక్ వదలకండి.

టెస్టింగ్‌కి పిల్లలు ఆడుకునే క్లే వాడా. లాక్ కాలర్ మీద, ఫెండర్ లోపలి అంచు మీద ముద్దలు అంటించి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా, తర్వాత కొంచెం వేగంగా ఎక్కించి, వచ్చి ఆ క్లే ఎంత నొక్కుకుపోయిందో కోసి కొలిచా. కాలర్ దగ్గర 8 మి.మీ. మిగిలింది, లెక్కకి అర మి.మీ. తేడా. డ్యాంపర్ రాడ్‌కి జిప్ టై ఒకటి బిగించి ఉంచా, అది ఎంత పైకి జరిగితే అంత ట్రావెల్ వాడినట్టు. వెనక వైపు ఇంకా పక్కాగా చూశాం, స్ప్రింగ్ బయటికి తీసేసి బీమ్ కింద జాక్ పెట్టి బంప్ స్టాప్ నలిగేదాకా ఎత్తాం, ఫెండర్ అంచుకీ టైర్‌కీ మధ్య చిటికెన వేలు దూరింది. ముందు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ప్లాస్టిక్ లైనర్‌కి ఒక మూల తగిలిన గుర్తు కనిపించింది, హీట్ గన్‌తో వేడి చేసి వెనక్కి నొక్కితే పోయింది.

తర్వాత ఇంట్లో వాళ్లందర్నీ ఎక్కించుకుని విజయవాడ వెళ్లొచ్చాం, లోడ్‌తో చూడ్డానికి అంతకంటే మంచి టెస్ట్ లేదు. సూర్యాపేట దాటాక నాన్న "కొంచెం గట్టిగా కొడుతోందిరా" అన్నారు, టీ దగ్గర ఆగినప్పుడు డ్యాంపింగ్ (షాక్ అబ్జార్బర్ గట్టితనం) నాలుగు క్లిక్కులు తగ్గించా, అక్కణ్ణుంచి ఏమీ అనలేదు. జిప్ టై చూస్తే బంప్ స్టాప్ దాకా వెళ్లింది కానీ రుద్దిన గుర్తు ఎక్కడా లేదు.

అలైన్‌మెంట్ వీల్స్ వేశాకే చేయించా. ఈ బండిలో ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే మార్చగలం, దించినప్పుడు టో కచ్చితంగా మారుతుంది, వదిలేస్తే కొత్త టైర్ల లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లకే అరిగిపోతుంది. వెనక బీమ్‌కి అడ్జస్ట్‌మెంట్ లేదు, ప్రింటవుట్‌లో అంకెలు లిమిట్‌లో ఉన్నాయా లేదా చూసుకోవడమే.

చట్టం సంగతి కూడా తెలుసుకుని దిగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. టైర్ ఫెండర్ బయటికి రాకూడదు అని నేను అంత పట్టుపట్టడానికి ఇదో కారణం. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పులు రాతపూర్వకంగా చెప్పా, రేపు క్లెయిమ్ దగ్గర గొడవ పడే ఓపిక నాకు లేదు.

ఇక స్టెప్నీ. దాన్ని అందరూ మర్చిపోతారు. నా స్టెప్నీ ఇంకా పాత 185/60 ఆర్15నే, దాని రిమ్‌కి కంపెనీ బాల్ సీట్ బోల్టులే పట్టాలి, కొత్త కోన్ బోల్టులు పనికిరావు. అందుకని పాత బోల్టులు అయిదు ఒక సంచిలో వేసి డిక్కీలో జాక్ పక్కనే పెట్టా, దాని మీద కాగితం అంటించా: ముందు చక్రం పంక్చర్ అయితే స్పేసర్ తీసేసి స్టెప్నీ వెయ్యాలి. స్పేసర్ ఉంచి పాత బోల్ట్ వేస్తే 5 మి.మీ. మర తక్కువ పడుతుంది, అలా హైవే ఎక్కకూడదు. నేను లేనప్పుడు మా తమ్ముడు బండి తీస్తుంటాడు, వాడికి ఒకసారి ఇంటి దగ్గరే చక్రం మార్పించి చూపించా.